స్లాబు దాకా రాని డబ్బు

గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చదువులో వాళ్ళు నాకంటే పైమెట్టే. వాళ్ళను నిద్రపోనివ్వనిది వేరే. గోడలు లేచి, పైకప్పు పడక ఆగిపోయిన ఇళ్ళు. ఆ ఇళ్ళవాళ్ళు రోజూ సచివాలయం మెట్ల మీద కూర్చుంటారు. వాళ్ళకేం చెప్పాలో ఈ పిల్లలకు తెలియదు, పైవాళ్ళు చెప్పరు.

నేను గృహనిర్మాణ సంస్థలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి డీఈగా దిగిపోయినవాణ్ణి. 1979లో సంస్థ పెట్టిన కొత్తలో చేరాను. ఎక్కువ కాలం ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లోనే గడిచింది: కనిగిరి, పొదిలి, దోర్నాల వైపు. ఇన్నేళ్ళలో ‘పేదల ఇళ్ళకు నిధులు తగ్గిస్తున్నాం’ అని ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వగా నేను చూడలేదు. నిధులు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి. ఏ దారిన తగ్గుతాయో, దెబ్బ ఎవరికి ఎక్కడ తగులుతుందో నాకు తెలిసినంత రాస్తున్నాను. వరసకు పెద్ద అర్థం లేదు, గుర్తొచ్చినట్టు అంకెలు వేశాను.

1.

ఎన్ని ఇళ్ళు మంజూరయ్యాయని కాదు, ఇంటికి ఎంత ఇస్తున్నారని అడగండి.

ఇందిరా ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతంలో ఇంటికి 2004లో 25 వేలు ఇచ్చేవారు. 2008లో అది 35 వేలు, 2010లో 45 వేలు, 2013లో 70 వేలు అయింది. 2016లో పథకం పేరు ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ్) అయింది, మొత్తం లక్షా 20 వేలకు వచ్చింది. పన్నెండేళ్ళలో నాలుగుసార్లు పెంచారన్నమాట. అక్కడితో ఆగింది. 2024లో ఇంకో 2 కోట్ల ఇళ్ళు కడతామని పథకాన్ని 2029 దాకా పొడిగించినప్పుడు కూడా ఇంటికి అదే లక్షా 20 వేలు. పట్టణాల సంగతీ అంతే. 2015లో సొంతంగా ఇల్లు కట్టుకునేవాడికి కేంద్రం ఇస్తానన్నది లక్షన్నర. రెండో విడత పథకం 2024లో వచ్చినా మన రాష్ట్రాలకు కేంద్రం వాటా లక్షన్నర దాటలేదు.

2 కోట్లు అన్న అంకె పేపర్లో పెద్దక్షరాల్లో పడుతుంది. లక్షా 20 వేలు అన్నది పెరగలేదన్న సంగతి ఏ మూలనా పడదు. 2016లో మీ ఊరి బేల్దారి మేస్త్రి రోజు కూలి ఎంతో, ఇప్పుడెంతో కనుక్కోండి. సిమెంటు బస్తా, టన్ను ఇనుము, ట్రాక్టరు ఇసుక కూడా అడగండి. ఆ తేడా ఎంతో అంత కోత పడినట్టు. దానికి సంతకం లేదు, తేదీ లేదు, అందుకే దాని మీద ఎవరూ ధర్నా చెయ్యరు.

ఈ డబ్బు చాలదన్న సంగతి ప్రభుత్వాలకు తెలియక కాదు. 2023 నవంబరులో చెంచుల్లాంటి ఆదిమ తెగల కోసం పీఎం జన్‌మన్ పెట్టినప్పుడు అదే కేంద్రం ఇంటికి 2 లక్షలు అంది. మన రాష్ట్రంలో లక్షా 80 వేల లెక్కన మొదలై మధ్యలో నిలిచిపోయిన ఇళ్ళకు 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం అదనంగా ఇచ్చింది: ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగలకు లక్ష. ఇచ్చినందుకు సంతోషమే. అంతకుముందు అన్నాళ్ళూ ఆ 50 వేలు ఎవరి మీద పడ్డట్టు? తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు. అంత ఇచ్చేచోట సంఖ్య దగ్గర పట్టుకుంటారు: మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్ళే. రెండింట్లో నన్నడిగితే తక్కువ మందికి పూర్తి ఇల్లు ఇవ్వడమే మేలంటాను. రాజకీయాల్లో ఉన్నవాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళ లెక్క వాళ్ళది.

2.

నల్లరేగడిలో పునాదికయ్యే ఖర్చు ఎర్రనేలలో కాదు. ఇంటి మొత్తం మాత్రం రెండుచోట్లా ఒకటే. దర్శి వైపు రేగడి పొలాల్లో ఇళ్ళస్థలాలిచ్చినప్పుడు ఇల్లు నేల పైకి రాకముందే డబ్బులో మూడోవంతు కనబడకుండా పోయేది. స్థలం ఎంపిక చేసేటప్పుడు రెవెన్యూవాళ్ళ వెంట ఒక ఇంజనీరు ఉండాలి. గొయ్యి తవ్వి చూడాలి. చూడకుండా స్థలమివ్వడమంటే, ఎకరం చవగ్గా వచ్చిందని ప్రభుత్వం మిగుల్చుకున్న డబ్బును లబ్ధిదారు చేత భూమిలో పోయించడమే.

3.

కేంద్రం, రాష్ట్రం వాటాలు ఎంతెంతో మార్చినప్పుడు జాగ్రత్తగా చదవండి. ఇది కాస్త లెక్కల పాఠం, ఓపిక పట్టండి.

ఇందిరా ఆవాస్ చివరి రోజుల్లో ఇంటికి 70 వేలు. వాటాలు 75:25. కేంద్రం 52,500, రాష్ట్రం 17,500. తర్వాత ఇల్లు లక్షా 20 వేలు, వాటాలు 60:40. కేంద్రం 72 వేలు, రాష్ట్రం 48 వేలు. ‘కేంద్రం సాయం దాదాపు 20 వేలు పెరిగింది’ అని ఒకరు చెప్పుకోవచ్చు, అబద్ధం కాదు. రాష్ట్రం మీద పడే భారం దాదాపు మూడింతలైంది, అదీ అబద్ధం కాదు.

ఇది ఎక్కడినుంచి వచ్చిందంటే, మన తెలుగువాడే అయిన వై.వి. రెడ్డి గారు అధ్యక్షులుగా ఉన్న 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 శాతం నుంచి 42 శాతానికి పెంచమంది. కేంద్రం ఒప్పుకుంది. రాష్ట్రాలకు చేతినిండా డబ్బు ఇస్తున్నాం కాబట్టి ఇక పథకాల్లో మీరూ ఎక్కువ పెట్టండి అంది. కొన్ని పథకాలనైతే పూర్తిగా వదిలేసింది. వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి నిధి అలా పోయిందే. మన దగ్గర అనంతపురం, చిత్తూరు, కడప, విజయనగరం, అటు పాలమూరు, ఆదిలాబాద్ లాంటి జిల్లాలు ఆ డబ్బుతో ఊళ్ళలో చిన్న చిన్న పనులెన్నో చేసుకున్నాయి: అంగన్‌వాడీ గది, కాలవ మీద చప్టా, పంచాయతీ భవనం. 2015-16 నుంచి ఆ నిధి లేదు.

వాదనలో న్యాయం లేకపోలేదు. రాష్ట్రానికి ఏం కావాలో రాష్ట్రమే తేల్చుకోవాలన్నది మంచి మాట. కానీ ముద్ర లేకుండా వచ్చిన డబ్బు పేదవాడి ఇంటికే వెళ్ళాలని లేదు. అది జీతాలకు పోవచ్చు, పాత అప్పుల వడ్డీకి పోవచ్చు, ఎన్నికల ముందు మరో పథకానికి పోవచ్చు. పైగా వియ్యంకుల మధ్య పెళ్ళి ఖర్చు వాటాల్లాగా, ఒకరు పెడితేగాని రెండోవారు తియ్యరు. రాష్ట్రం తన 40 పెట్టి, మొదటి విడత ఖర్చుచేసినట్టు వినియోగ ధ్రువపత్రం పంపితేగాని కేంద్రం రెండో విడత వదలదు. రాష్ట్రం చేతిలో డబ్బు లేని సంవత్సరం కేంద్రం డబ్బూ రాదు. కేంద్రం బడ్జెట్లో అది ‘ఖర్చుకాని మొత్తం’ అవుతుంది. మరుసటి ఏడాది ‘ఎలాగూ ఖర్చు చెయ్యడం లేదుగా’ అని తగ్గిస్తారు. రెండు గుమ్మాల మధ్య ఇల్లు ఎండిపోతుంది. ఎవరినీ తప్పుపట్టడానికి ఉండదు.

4.

ఆలస్యమే అన్నిటికంటే పెద్ద కోత.

మా సంస్థలో ఇంటి పనిని మెట్లుగా రాసుకుంటాం. పునాది లోపల ఉంటే బీబీఎల్, పునాది పూర్తయితే బీఎల్, గోడలు కప్పు ఎత్తుకొస్తే ఆర్‌ఎల్, స్లాబు పడితే ఆర్‌సీ. ఆ మెట్టు ఎక్కాకే దాని బిల్లు. తెలంగాణలో ఇప్పటి ఇందిరమ్మ ఇంటికి పునాదికి లక్ష, గోడలకు లక్షా పాతిక, స్లాబుకు లక్షా 75 వేలు, అంతా అయ్యాక లక్ష అన్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ పద్ధతి ఇదే. పని ముందు, డబ్బు వెనక. అంటే ప్రతి మెట్టులోనూ పేదవాడే ప్రభుత్వానికి అప్పు పెడుతున్నాడు. ఇది ఎవరూ ఇలా చెప్పరుగాని, కాగితం మీద పెట్టి చూస్తే తేలేది ఇదే.

ఆ అప్పు అతనెక్కడ తెస్తాడు? మా వైపు నూటికి నెలకు మూడు రూపాయలు మామూలు వడ్డీ. లక్ష తెస్తే నెలకు మూడు వేలు. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే 18 వేలు. ఖజానాలో ఆ బిల్లు ఆరు నెలల తర్వాత ఒక్క రూపాయి తగ్గకుండా వస్తుంది. ఆడిట్‌కు అంతా సవ్యంగానే ఉంటుంది. 18 వేలు మాత్రం ఆ ఇంటి ఇల్లాలి మెడలోంచో చెవుల్లోంచో పోయి ఉంటాయి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఖజానా మీద ఆంక్షలు పెడతారు. బిల్లులు టోకెన్ నంబరు వేసుకుని కూర్చుంటాయి. మార్చి 31 దాటితే చాలాసార్లు మళ్ళీ మొదట్నించి పెట్టాలి. అందుకని నా మాట వినేవాళ్ళకు చెప్తుంటాను: ఆర్‌ఎల్ బిల్లు జనవరి లోపు పడేట్టు చూసుకోండి, కుదరకపోతే వేసవి పోయేదాకా సెంట్రింగ్ చెక్క దించకండి. పునాది దగ్గర ఆగినా ఇల్లు పాడవదు. గోడల దగ్గర ఆగినా, పైన తాటాకో రేకో కప్పితే నాలుగేళ్ళు ఓర్చుకుంటుంది. స్లాబు అలా కాదు. సగం స్లాబు అంటూ ఉండదు. ఇనుము, కంకర, సిమెంటు, సెంట్రింగ్ అద్దె, కూలీలు, అన్నీ ఒకేరోజుకు సిద్ధం కావాలి. అంత డబ్బు ఒక్కచోట చేరాల్సింది ఇంటి మొత్తంలో అక్కడొక్కచోటే. అందుకే రాష్ట్రంలో చాలా కాలనీల్లో ఆగిన ఇళ్ళు గోడల మీద చువ్వలు పైకి లేపుకుని నిలబడి ఉంటాయి. ఆ చువ్వలకు రెండు వానాకాలాలు దాటితే తుప్పు పొరలు లేస్తాయి. మళ్ళీ డబ్బొచ్చాక చాలామంది వాటి మీదే కాంక్రీటు పోసేస్తారు. పొయ్యనివ్వకండి. తీగబ్రష్ పెట్టి గీకించండి, సన్నబడ్డ చువ్వకు పక్కన కొత్తది కట్టించండి. లేదంటే తర్వాత ఇల్లు ఉరుస్తోందని ఎమ్మెల్యే మిమ్మల్నే అడుగుతాడు.

5.

మంజూరైన ప్లాను కంటే పునాది పెద్దది తియ్యొద్దని ప్రతి ఇంజనీరూ చెప్తాడు, ప్రతి లబ్ధిదారూ తలూపుతాడు, తర్వాత పెద్దదే తీస్తాడు. దీన్ని మూర్ఖత్వమని రిపోర్టుల్లో రాయడం నాకు నచ్చదు. ఇల్లు కట్టే అవకాశం ఆ కుటుంబానికి ఒక్కసారే వస్తుంది. కొడుక్కి పెళ్ళవుతుంది, ఒక గది చాలదు. 270 చదరపుటడుగుల ఇంట్లో ముగ్గురు పడుకోవచ్చు, ఆరుగురు పడుకోలేరు. పైగా వాస్తు చెప్పేవాడొకడు వచ్చి ఈశాన్యం పెంచమంటాడు, పెంచిన అడుగుకి వాడు ఇటుక ఇవ్వడు.

చెప్పాల్సిన పద్ధతి వేరే ఉంది. పునాది మీకు కావలసినంత తీసుకోండి, గోడ మాత్రం ఒక గది, వంటిల్లు వరకే లేపండి, దాని మీద స్లాబు వేసి బిల్లు తీసుకోండి, మిగతాది తర్వాత అనాలి. రెండో గది వైపు చువ్వలు బయటికి వదిలి, మొనలకు సిమెంటు పాలు పట్టించి ఉంచితే సరి. ఈ మాట చెప్పిన ఊళ్ళలో ఆగిన ఇళ్ళు తగ్గాయి.

6.

ప్రభుత్వం మారినప్పుడు పాత పేరు మీద ఉన్న ఇల్లు దిక్కులేనిదవుతుంది. ఇల్లు అదే, మనిషి అదే, బోర్డు మారుతుంది.

పట్టణాల్లో వాజపేయి గారు 2001 డిసెంబరులో హైదరాబాదులో మొదలుపెట్టిన వాంబే ఉంది. విజయవాడలో ఇప్పటికీ వాంబే కాలనీ అనే పిలుస్తారు. తర్వాత 2005లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం, 2011లో రాజీవ్ ఆవాస్, 2015లో ప్రధానమంత్రి ఆవాస్. పల్లెల్లో 2006 ఇందిరమ్మ, 2014 తర్వాత ఆంధ్రలో ఎన్టీఆర్ పేరు, 2019 తర్వాత జగనన్న పేరు, ఇప్పుడు మళ్ళీ పాత పేరు. మారిన ప్రతిసారీ ‘పాతవాటి మీద విచారణ’ అంటారు. ఇందిరమ్మ ఇళ్ళలో అక్రమాలు జరగలేదని నేను అనను. లేని ఇళ్ళకు బిల్లులు లేచిన ఊళ్ళున్నాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం సీఐడీ విచారణ వేసింది, వెయ్యాల్సిందే. కానీ విచారణ పేరుతో అందరి బిల్లులూ ఆగాయి. దొంగ బిల్లు తీసుకున్నవాడు అప్పటికే డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆగింది నిజంగా గోడలు కట్టి కూర్చున్నవాడికి. కొత్త పథకంలో పెట్టుకుందామంటే ‘నీ పేరు మీద ఇప్పటికే ఇల్లుంది’ అని కంప్యూటరు తిప్పి పంపుతుంది.

ఆంధ్రలో పట్టణాల కోసం కట్టిన టిడ్కో ఇళ్ళు చూడండి. షియర్ వాల్ పద్ధతిలో 300, 365, 430 చదరపుటడుగుల ఫ్లాట్లు, కట్టడం వరకు మంచి పని. ప్రభుత్వం మారాక చాలాచోట్ల బ్లాకులు లేచి ఉండి కూడా కరెంటు, నీళ్ళు, మురుగు కాలవ లేక ఏళ్ళ తరబడి తాళాలతో ఉన్నాయి. ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు కంతు మొదలైనవాళ్ళున్నారు. అటు అద్దె, ఇటు కంతు. కట్టిన ఇల్లు ఖాళీగా ఉండగా దాని మీద వడ్డీ కట్టే పేదవాణ్ణి నేను ఈ పథకాల్లోనే చూశాను.

కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక్క సలహా. ప్రభుత్వం మారుతుందన్న సంవత్సరంలో కొత్త పునాదులు తీయించకండి. లక్ష్యాలు ఇస్తారు, టెలికాన్ఫరెన్సులో తిడతారు. తిట్లు పడండి. ఉన్నవాటికి కప్పు పడేట్టు చూడండి.

7.

ఫొటోకు రాని పని ముందు పోతుంది.

ఇది అన్నిటికంటే నిదానంగా అర్థమయ్యే పాఠం కాబట్టి కాస్త విస్తరించి చెప్తాను. ఇల్లంటే గోడలు, కప్పు. కాలనీ అంటే అది కాదు. రోడ్డు, నీళ్ళ ట్యాంకు, మురుగు కాలవ, బస్సు, బడి, రేషను దుకాణం, పనిచోటు ఎంత దూరం. ఇవన్నీ ఉంటేనే మనుషులు వెళ్ళి కాపురం ఉంటారు. డబ్బు తక్కువపడినప్పుడు ఇళ్ళ సంఖ్య తగ్గించరు, ఎందుకంటే సంఖ్య మాట ఇచ్చారు. మౌలిక వసతులు ‘తర్వాతి దశ’లోకి పోతాయి. తర్వాతి దశ ఎప్పుడూ తర్వాతే ఉంటుంది.

2020 డిసెంబరులో ఆంధ్రలో దాదాపు 30 లక్షల ఇళ్ళపట్టాలు ఇచ్చారు, పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర. ఒక్కసారిగా అంత భూమి పేదల పేర రాయడం చిన్న సంగతి కాదు, అది ఒప్పుకోవాలి. కానీ చాలా లేఅవుట్లు ఊరికి దూరంగా, పల్లపు నేలల్లో పడ్డాయి. మట్టి తోలాలి, దారి వెయ్యాలి. ‘అయ్యా, స్థలం చూపించారు, అక్కడికి పోయే బాట చూపించలేదు’ అని ఒక పెద్దమ్మ మా తర్వాతివాళ్ళను అడిగిందట. హైదరాబాదు పక్కన కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ఒక్కచోట కట్టారు. 2023లో ప్రారంభించారు. బురుజుల్లా బాగున్నాయి. కానీ పాతబస్తీలో ఇళ్ళపని చేసుకునే ఆడమనిషికి అక్కడినుంచి రోజూ వచ్చిపోవడమంటే రోజులో ఎంత సేపు బస్సులోనే పోతుందో ఎవరు లెక్కేశారు?

ఆ లెక్క వేసేవాళ్ళు ఒకప్పుడు ఉండేవారు. హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్‌లో 1967లో నగర సమాజాభివృద్ధి విభాగం పెట్టారు. కమ్యూనిటీ ఆర్గనైజర్లు బస్తీల్లో తిరిగేవారు. ఏ ఇంట్లో ఎవరేం పనిచేస్తారు, ఎవరికి ఎవరితో పడదు, ఏ మలుపులో కుళాయి పెడితే కొట్లాట రాదు, అన్నీ వాళ్ళకు తెలుసు. స్థలం పట్టా ప్రభుత్వం ఇచ్చి, అప్పు ఇప్పించి, ఇల్లు జనమే కట్టుకునే పద్ధతి అక్కడ నడిచింది. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మురికివాడల అభివృద్ధి పథకాలూ ఆ విభాగం ద్వారానే నడిచాయి. విదేశీ డబ్బు ఆగిపోయాక పని పలచబడింది. ఇళ్ళు కట్టడానికి ఎప్పుడో ఒకప్పుడు డబ్బు దొరుకుతుంది, ఎందుకంటే తాళాలు ఇచ్చే సభ పెట్టొచ్చు. బస్తీలో కూర్చుని నలుగురినీ ఒప్పించే మనిషి జీతానికి దొరకదు, అతను ఏం చేశాడో ఫొటో తీయలేం. పల్లెల్లోనూ 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు గ్రామసేవకుడే దాని వెన్నెముక. ఇప్పుడు ఆ పని సగం యాప్‌కు అప్పజెప్పారు, సగం పొదుపు సంఘాల ఆడవాళ్ళ నెత్తిన జీతం లేకుండా పెట్టారు. జగనన్న ఇళ్ళకు తక్కువపడ్డ డబ్బులో 35 వేలు పావలా వడ్డీకి సంఘాల ద్వారానే అప్పుగా తెప్పించారు గుర్తుందా? కోత పూడ్చింది వాళ్ళే.

8.

సిబ్బందిని తీసేస్తే పథకం తిరిగొచ్చినా నడవదు. తెలంగాణలో గృహనిర్మాణ సంస్థను రోడ్లు భవనాల శాఖలో కలిపి మనుషులను తలో చోటికీ పంపారు. మళ్ళీ ఇందిరమ్మ ఇళ్ళు అనేసరికి ఇల్లు కొలిచేవాళ్ళు లేక వెతుక్కున్నారు. పునాది చూడగానే ఇది నిలుస్తుందో లేదో చెప్పే వర్క్ ఇన్‌స్పెక్టరు ఒక్క ఏడాదిలో తయారవడు.

9.

ఇల్లు ఎవరి హక్కు?

చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నివాసం బతికే హక్కులో భాగమంది. వినడానికి బాగుంది. కానీ ఉపాధి హామీకి 2005లో చట్టం చేశారు, ఆహార భద్రతకు 2013లో చట్టం చేశారు. పని ఇవ్వకపోతే, బియ్యం ఇవ్వకపోతే అడగడానికి ఒక సెక్షను ఉంది. ఇంటికి ఆ సెక్షను లేదు, మార్గదర్శకాలున్నాయి. మార్గదర్శకం మార్చడానికి ఒక సర్క్యులరు చాలు. పేదల ఇళ్ళ డబ్బు ఇంత తేలిగ్గా తగ్గడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

చట్టం ఉన్నచోట తేడా కనబడింది కూడా. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చాక, ఆ వర్గాల వాటా ఎంతో బడ్జెట్లో చూపక తప్పలేదు. దారి మళ్ళించడం ఆగిపోలేదు, కాకపోతే మళ్ళించినప్పుడు అసెంబ్లీలో జవాబు చెప్పాల్సి వస్తోంది. తెలంగాణ 2017లో చేసిన చట్టంలో ఖర్చుకాని డబ్బు మరుసటి ఏడాదికి కలపాలని రాశారు. ఆంధ్రలో ఉప ప్రణాళిక చట్టానికి పదేళ్ళే గడువుంటే 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. మిగతా పేదలకు, అంటే బీసీలో, ముస్లింలో, అగ్రకులంలో పుట్టిన కూలివాడికి, ఇంటి విషయంలో ఇలాంటి కంచె ఏదీ లేదు.

10.

బడ్జెట్ రోజు టీవీ ముందు కూర్చోకండి. ఆ రోజు చెప్పేది అంచనా. ఏడాది తిరిగాక సవరించిన అంచనా వస్తుంది, ఇంకో ఏడాదికి నిజంగా ఖర్చయింది ఎంతో తేలుతుంది. మూడూ ఒకే పద్దు కింద పక్కపక్కనే అచ్చేస్తారు, కానీ అవి వేర్వేరు ఏళ్ళవి. ఆ మూడో అంకె ఒక్కటే నిజంగా బయటికొచ్చిన డబ్బు. మండలానికి ఎంత వచ్చిందో సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలి. రాతపూర్వకంగా అడగండి, పేపరుకు ఇవ్వండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి దరఖాస్తులు వస్తే ఆఫీసులో విసుక్కునేవారు. ఆ విసుగు వెనకే పెండింగు బిల్లులు కదిలేవి.

11.

ఇది ఆడవాళ్ళకు. పట్టా మీ పేరు మీదో, ఇద్దరి పేరుతోనో ఉండాలని పథకమే చెప్తోంది. మగవాడి పేరు చాలులే అంటే ఊరుకోవద్దు. ప్రతి మెట్టులోనూ మీ ఫోన్‌లో మీరే ఫొటో తీసుకోండి, సచివాలయం వాళ్ళు తీసింది వాళ్ళ దగ్గరుంటుంది. ఆధార్‌కు ముడిపడ్డ ఖాతా ఏదో ముందే కనుక్కోండి. డబ్బు వేరే బ్యాంకులో పడి ఏడాదిగా రాలేదనుకున్నవాళ్ళు ఉన్నారు. పల్లెల్లో ఇంటి పనికి 90 రోజుల దాకా ఉపాధి కూలి ఉంటుంది, అది విడిగా వస్తుంది, అడిగితేనే మస్టరు వేస్తారు.

12.

అందరూ కొత్త ఇళ్ళ సంగతి మాట్లాడతారు. ఎన్టీ రామారావు గారు పక్కా ఇళ్ళు మొదలుపెట్టిన 1983 నుంచి లెక్కేసుకోండి, ఆ తొలి కాలనీల స్లాబులకు నలభై ఏళ్ళు దాటాయి. వాటిలో మూడో తరం కాపురముంటోంది. ఇంటి లోపల పైకి చూస్తే పెచ్చులూడి చువ్వ కనబడుతుంది. వాన పడితే మంచం జరుపుకుంటారు. వాళ్ళు కొత్త ఇంటికి అర్హులు కారు, రికార్డుల్లో వాళ్ళకు పక్కా ఇల్లుంది. బాగుచేయడానికి నిలకడగా నడిచిన పథకం లేదు. ఇన్ని ప్రభుత్వాలు, ఇన్ని పేర్లు, మరమ్మతుకని గట్టిగా డబ్బు పెట్టినవాళ్ళను నేను చూడలేదు. కొత్త ఇంటికి అయ్యేదాంట్లో చిన్న భాగంతో వాటిలో చాలా స్లాబులను ఇంకొన్నేళ్ళు నిలపొచ్చు: పెచ్చులు కొట్టి, తుప్పు తీసి, వల కట్టి, మళ్ళీ సిమెంటు పట్టించి, పైన నీరు నిలవకుండా వాలు సరిచేసి.

కాబట్టి వానలు మొదలయ్యేలోపు మీ సచివాలయం పరిధిలోని పాత కాలనీలన్నీ తిరగండి. చువ్వ బయటపడ్డ ఇళ్ళను విడిగా రాయండి. పక్కన ఇంటికి ఎంతవుతుందో అంచనా వెయ్యండి. పెద్ద అంచనా వెయ్యకండి, తిప్పి పంపుతారు. ఎంపీడీవోకు ఒక కాపీ, గృహనిర్మాణ సంస్థ పీడీ గారికి ఒకటి, గ్రామసభ తీర్మానం జతచేసి పంపండి. పద్దు లేదని జవాబొస్తుంది. ఆ జవాబు తేదీతో సహా ఫైల్లో పెట్టుకుని, వచ్చే ఏడాది మళ్ళీ పంపండి.